విఱిగిన గేరు షాఫ్టు: గృహిణు లెఱుగదగిన సంగతులు



ఇత్తడి బిందెకు చిల్లి పడినచో దానికి మాటు వేయించవలెనో, పాతసామానులో వేసి క్రొత్తది కొనవలెనో మన యిండ్లలోని స్త్రీలు ఒక్కమాఱు చేతితో త్రిప్పి చూచి చెప్పగలరు. తిరుగలి పిడి వదులైనను, కుట్టుమిషను సూది విఱిగినను వారు ఒకరి సలహాకై యెదురుచూడరు. ఇంతటి నేర్పు గలవారే ముంగిటనున్న మోటారు సైకిలు చెడిననాడు మాత్రము, "అది మగవారి వ్యవహారము" అని తలుపుచాటునకు తొలగుచున్నారు. ఆ బండి కొనుటకై చేతిగాజులు తాకట్టు పెట్టినది గృహిణియే. నెలనెల వాయిదాకై పోపులపెట్టెలో పైకము దాచునదియు గృహిణియే. అది మూలపడిననాడు బడికి బోవు పిల్లలకును, పనికి బోవు పెనిమిటికిని గలుగు నిబ్బందిని మోయునదియు నామెయే. కావున దాని యవయవములను గూర్చి కొంత యెఱిగియుండుట యామెకు అనుచితము గాదు.

ఈ వ్యాసమున ఆ యంత్రమునందలి యొక చిన్న యవయవమును మాత్రమే విచారింపదలచితిని. దానిని మన మరమ్మతువారు గేరు షాఫ్టు అందురు. అది విఱిగినచో బండి యంతయు చెడినట్లే తోచును. నిజమునకు చెడినది చిటికెనవ్రేలంత లావుగల యొక యుక్కుకడ్డీ మాత్రమే. ఈ భేదము తెలియని కుటుంబము అనవసరమైన వ్యయమునకు లోనగును.

గేరు షాఫ్టు చేయు పని

ఇంజను నిమిషమునకు కొన్నివేల మాఱులు తిరుగును. ఆ వేగము నున్నదున్నట్లు వెనుక చక్రమున కిచ్చినచో బండి కదలదు సరిగదా, ఇంజనే యాగిపోవును. చిన్న పండ్లచక్రము పెద్ద పండ్లచక్రమును త్రిప్పినచో వేగము తగ్గి బలము పెరుగును. అందుచేత బండి కదలునప్పుడును, మెట్ట యెక్కునప్పుడును ఒక జతను, సమతలమున పరుగెత్తునప్పుడు వేఱొక జతను ఉపయోగింపవలసియుండును. ఈ జతలే గేరులు. ఇవి గేరుబాక్సులో నూనె నడుమ తిరుగుచుండును. ఒక జతనుండి వేఱొక జతకు మార్చుటకు లోపల గాడులు చెక్కిన యొక డ్రమ్ము కలదు. ఆ గాడులలో ఫోర్కుల కొనలు ఇమిడియుండును. డ్రమ్ము ఒక మెట్టు తిరుగగనే ఫోర్కులు ప్రక్కకు జరిగి, తాము పట్టుకొనియున్న పండ్లచక్రమును ప్రక్కదానితో కూర్చును.

ఆ డ్రమ్మును త్రిప్పించునది గేరు షాఫ్టు. ఇది ఇంచుమించు జానెడు పొడవుండి, చాల బండ్లలో ఇంజను పెట్టెను ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దూఱి పోవును. ఎడమకొనకు కాలితో నొక్కెడు లివరు తగిలించబడియుండును. కుడికొనను, క్లచ్చు వెనుక, పంజావంటి యొక చేయి కలదు. కాలు నొక్కగనే షాఫ్టు కొంచెము తిరుగును. పంజా డ్రమ్మును ఒక మెట్టు త్రోయును. కాలు తీయగనే ఒక స్ప్రింగు షాఫ్టును యథాస్థానమునకు తెచ్చును.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. ఇంజను బలమంతయు పండ్లచక్రముల గుండ పోవునేగాని యీ షాఫ్టు గుండ పోదు. రాజాజ్ఞను సేనకు చేరవేయు దూత యెట్టిదో యిదియు నట్టిదే. దూత నడుమ పడిపోయినంత మాత్రమున సేన నశించినదని యెవరును తలపరు గదా! అట్లే షాఫ్టు విఱిగినంత మాత్రమున గేరులు చెడినవని తలపరాదు. అవి తఱచుగా చెక్కుచెదరక యుండును.

ఈ దూత మొదటినుండి ఉన్నవాడు కాడు. పూర్వపు మోటారు సైకిళ్లలో పెట్రోలు తొట్టి ప్రక్కనుండిన కఱ్ఱను చేతితో లాగి గేరు మార్చుచుండిరి. 1928 ప్రాంతమున ఇంగ్లండులోని వెలొసెట్టు కంపెనీకి చెందిన హెరాల్డు విల్లిసు అను నతడు, కాలితో ఒక్క నొక్కునకు ఒక్క మెట్టు మాత్రమే మాఱునట్టి యేర్పాటును పందెపు బండ్లకు కూర్చెను. నేడు మనము చూచుచున్నది దాని సంతానమే. మన దేశమున 1955లో మద్రాసునందు స్థాపితమైన ఎన్‌ఫీల్డు ఇండియా వారి బుల్లెట్టు బండికి చిరకాలము గేరు లివరు కుడిప్రక్క నుండెను. అమెరికా ప్రభుత్వము 1974 సెప్టెంబరు నుండి తయారగు బండ్లకు గేరు ఎడమప్రక్కనే యుండవలెనని నియమించిన పిమ్మట, ఆ పద్ధతియే క్రమముగా లోకమంతట వ్యాపించెను.

విఱుగుటకు గల కారణములు

మొదటిది, బండి ఎడమప్రక్కకు పడుట. లివరు నేలకు తగిలి, ఆ దెబ్బ షాఫ్టు కొనకు చేరును. చాల బండ్లలో లివరు కొంత మెత్తని లోహముతో చేయబడినందున ముందు అదియే వంగును. దానిని మరల చక్కదిద్దవచ్చును. దెబ్బ బలమైనదైనచో షాఫ్టును వంగును, లేక పగులును.

రెండవది, లివరును పట్టియుంచు బోల్టు వదులగుట. షాఫ్టు కొనయందు సన్నని పండ్లు చెక్కబడియుండును. లివరు రంధ్రమునందును అట్టి పండ్లే కలవు. లివరు నోటికి ఒక చీలిక యుండును. బోల్టు బిగించినకొలది ఆ చీలిక మూసికొని లివరు షాఫ్టును గట్టిగ పట్టుకొనును. ఈ బోల్టు కొంచెము వదులైనచో కాలు నొక్కిన ప్రతిసారియు లివరు పండ్లు షాఫ్టు పండ్లను సుత్తితో కొట్టినట్లు కొట్టును. కొన్ని దినములకు ఆ పండ్లు అఱిగి నునుపగును. మఱియు షాఫ్టు కొనచుట్టును ఒక చిన్న గాడి కలదు. లివరును పూర్తిగ లోనికి త్రోసి, బోల్టు ఆ గాడిగుండ పోవునట్లు చూడవలెను. సగము దూర్చి బిగించిన లివరు సగము బలముతోనే పట్టుకొనును.

మూడవది, క్లచ్చు సరిగా తెగకయే గేరును బలవంతముగా తన్నుట. క్లచ్చు చేతిపిడి కొనయందు సామాన్యముగా 10 మొదలు 20 మిల్లీమీటర్ల వఱకు వదులుండవలెను. అంతకు మించినచో పిడి పూర్తిగ నొక్కినను క్లచ్చు తెగదు. అప్పుడు గేరు పడక, నడుపువాడు మడమతో తన్నును. ఆ తన్నులన్నియు షాఫ్టు భరింపవలసినదే.

నాల్గవది, లోహమున కలుగు నలసట. ఇనుపతీగెను అటునిటు పలుమాఱులు వంచినచో తెగుట మనమందఱము చూచినదే. షాఫ్టుపై ఎచ్చట చిన్న గాటున్నదో అచ్చట వెండ్రుకవాసి పగులు పుట్టి, దినదినము లోనికి ప్రాకును. ఇట్లు విఱిగిన ముక్క మొగమును చూచినచో ఒకభాగము నునుపుగా, ఏటియొడ్డున అలలు విడిచిన యిసుక చారలవలె గీతలతో నుండును. మిగిలినభాగము విఱిచిన కలకండవలె గరుకుగా నుండును. నునుపుభాగము విశేషమైనచో పగులు చాల కాలముగా నున్నదనియు, అంతయు గరుకైనచో ఒక్క దెబ్బకే విఱిగినదనియు గ్రహింపవలెను. అందుచేత విఱిగిన ముక్కను పాఱవేయక భద్రపఱచి చూడవలెను. విఱుగుటకు గల కారణమును తొలగింపక షాఫ్టును మాత్రము మార్చినచో, క్రొత్తదియు పాతదాని త్రోవనే పట్టును.

ఇంటివద్దనే చేయదగిన పరీక్ష

బండిని స్టాండుపై నిలిపి, ఇంజను ఆపి, లివరును చేతితో మెల్లగ నొక్కుచు షాఫ్టు కొనను చూడవలెను. లివరు కదలుచు షాఫ్టు కదలకున్నచో అఱిగినవి పండ్లు మాత్రమే. ఒక్కొక్కప్పుడు లివరు మార్చినంతనే సరిపోవును. పెట్టె తెఱువ నక్కఱలేదు. లివరును షాఫ్టును కలిసి సులభముగా తిరుగుచు గేరు మాత్రము పడకున్నచో, లోపలి పంజాయో షాఫ్టో విఱిగియుండును. గేరు పడుచు లివరు మాత్రము తనంత తాను వెనుకకు రాకున్నచో దోషము స్ప్రింగుది. ఇంజను ఆపినప్పుడు చక్కగా పడు గేరు, ఇంజను తిరుగునప్పుడు పడకున్నచో ముందు క్లచ్చును చూడవలెను. ఇంజను ఆపి పరీక్షించునప్పుడు వెనుక చక్రమును చేతితో కొంచెము త్రిప్పుచుండవలెను; లేనిచో పండ్లు ఒకదానిలో నొకటి కూర్చుండక, దోషము లేకున్నను ఉన్నట్లు తోచును.

ఒక తల్లి యడిగిన ప్రశ్న

మా యూరి ప్రక్క పల్లెలో పాడిపై కుటుంబమును నడుపుకొనుచున్న యొక తల్లి కలదు. ఆమె కుమారుడు తెల్లవాఱకమునుపే పాలక్యానులతో పట్టణమునకు వచ్చును. ఒకనాడు బురదలో బండి ఎడమప్రక్కకు పడెను. షాఫ్టు పెట్టెకు వెలుపల విఱిగి లివరు ఊడిపోయెను. బండి రెండవ గేరులో నుండిపోగా, ఆ బాలుడు మెల్లగ నట్లే నడుపుకొని యింటికి చేరెను. మఱునాడు బాటప్రక్కనున్న దుకాణమువారు షాఫ్టును బయటికి తీయకయే, లివరును దానిపై పెట్టి వెల్డింగు చేసిరి. పదిదినములు గడవకమునుపే ఆ వేడికి కాలిన రబ్బరు సీలునుండి నూనె కాఱసాగెను. అతుకు ప్రక్కనే షాఫ్టు మరల విఱిగెను. వేఱొక దుకాణమువారు చూచి, "గేరుబాక్సు పోయినది; ఇంజను దింపి అంతయు విప్పవలెను" అనిరి. వారు చెప్పిన సొమ్మునకై ఆ తల్లి చూడిపడ్డను అమ్మజూపెను. ఆ పడ్డ యీనినచో ఇంటికి రెండవ పాడి యగును. అమ్మినచో ఆ యాశ యడుగంటును.

బేరము ముగియకమునుపు ఆమె పట్టణములోని వృద్ధుడగు నొక మెకానిక్కు సాయిబుగారి యొద్దకు వచ్చి యిట్లడిగెను: "అన్నా, రెండో గేరులో బండి ఇంటిదాకా వచ్చింది గదా! లోపల చక్రాలు పోయి ఉంటే ఎట్లా వచ్చింది?" ఆయన నవ్వి, "అమ్మా, నీవడిగిన మాటే బండి రోగానికి జవాబు. పడ్డను అమ్మవద్దు" అనెను.

మరమ్మతు జరిగిన విధము

ఆ మరమ్మతును నేను దగ్గఱనుండి చూచితిని. ఆయన మొదట బండిని చక్కగా కడిగించెను; మూత తెఱచినప్పుడు మట్టిరేణువు లోన పడినచో తరువాత నూనెతో కలిసి అన్నిటిని అఱగదీయును. పిమ్మట ఇంజను ఆయిలును ఒక డబ్బాలోనికి వంపెను. ఈ నల్లనూనెను మురుగుకాలువలో గాని బావిచెంత గాని పోయరాదు.

తరువాత కుడిప్రక్కనున్న ఫుట్‌రెస్టును, కిక్కురాడ్డును తొలగించి, క్లచ్చు తీగెను ఊడదీసి, క్లచ్చు కవరు బోల్టులను విప్పెను. ఆ బోల్టులన్నియు ఒకే పొడవు గలవి కావు. అందుచేత ఒక అట్టముక్కపై కవరు ఆకారమును గీచి, ఏ బోల్టును ఏ చోటనుండి తీసెనో అట్టపై ఆ చోటనే గ్రుచ్చెను. పొడుగుబోల్టును పొట్టిదాని చోట బిగించినచో పెట్టె పగులును. ఈ చిన్న యుపాయము ఆ కీడును తప్పించును. పిదప క్లచ్చును విప్పగా దాని వెనుక పంజాయు స్ప్రింగును కనబడెను.

షాఫ్టును కుడివైపునకు లాగవలసియున్నది. కాని యెడమకొననున్న వెల్డింగు ముద్ద రంధ్రముకంటె లావైనది. దానిని బలవంతముగా లాగినచో అల్యూమినియపు రంధ్రము గీతలుపడి, జీవితకాలము నూనె కాఱుచుండును. ఆయన ఓపికతో ఆ ముద్దను ఆకురాయితో అఱగదీసి, ముళ్లవలె లేచిన యంచులను నునుపుచేసి, సీలును తొలగించి, రజను లోనికి పోకుండ గుడ్డతో తుడిచి, అప్పుడు లాగెను. షాఫ్టు వెన్నలో కత్తివలె వెలికివచ్చెను.

క్రొత్తషాఫ్టును పాతదాని ప్రక్కన పెట్టి పొడవును, పండ్లను, పంజా వంపును పోల్చి చూచెను. పేరు ఒకటియైనను వేఱువేఱు సంవత్సరముల బండ్లకు షాఫ్టులు వేఱుగా నుండవచ్చును. దానిని గాజుపలకపై దొర్లించి వంపు లేదని తేల్చుకొనెను. ఎడమప్రక్కను క్రొత్తసీలు వేసి, షాఫ్టు పండ్లు ఆ రబ్బరు పెదవిని కోయకుండ వానిపై సన్నని ప్లాస్టికు కాగితము చుట్టి, నూనె రాచి లోనికి పంపెను. స్ప్రింగు రెండు కాళ్లును పెట్టెకు బిగించియున్న మేకునకు చెఱియొక ప్రక్కను ఉండవలెను. లేనిచో లివరు తిరిగి రాదు.

అటుపిమ్మట ఆయన చేసిన పని నాకు మిక్కిలి నచ్చినది. మూత వేయకమునుపే లివరు తగిలించి, వెనుక చక్రమును చేతితో త్రిప్పించుచు, గేరులన్నిటిని పైకిని క్రిందికిని మూడుమాఱులు మార్చి చూచెను. అన్నియు సరిగా పడినవని తెలిసిన తరువాతనే క్లచ్చును బిగించి, పాత ప్యాకింగు పొరను గీకివేసి క్రొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించెను. కంపెనీవారు చెప్పిన కొలత ప్రకారము క్రొత్తనూనె పోసెను. ఆ రాత్రి బండిక్రింద ఒక తెల్లకాగితము పఱచి యుంచుమని చెప్పెను. మఱునాడు కాగితముపై చుక్కయైనను లేదు. పని యంతయు ఒకపూటలో ముగిసెను. పడ్డ కొట్టమునుండి కదలలేదు.

కొన్ని బండ్లలో షాఫ్టు ఇంజను పెట్టె రెండు ముక్కల నడుమ ఇమిడియుండును. అట్టివానికి నిజముగానే ఇంజను దింపి పెట్టెను చీల్చవలసియుండును. కావున మరమ్మతువారు "ఇంజను విప్పవలెను" అన్నంత మాత్రమున వారిని శంకింపరాదు. "ఈ బండికి షాఫ్టు క్లచ్చు ప్రక్కనుండి వచ్చునా, పెట్టె చీల్చవలెనా?" అని యడిగినచో చాలును. పని తెలిసినవారు చూపి మఱీ చెప్పుదురు.

అతుకు పనికివచ్చునా?

బిందె కదలక నీటిని మోయును. దానికి మాటు చాలును. షాఫ్టు అట్లు గాదు. అది దినమునకు వందలమాఱులు మెలిపెట్టబడును. దాని యుక్కును కాచి చల్లార్చి గట్టిపఱచియుందురు. వెల్డింగు వేడికి ఆ గట్టిదనము కొంతచోట పోవును. కొంతచోట పెళుసుదన మేర్పడును. అందుచేతనే అతుకుకంటె అతుకు ప్రక్కనే విఱుగుట తఱచు. 2020 ఏప్రిలునుండి అమలులోనికి వచ్చిన పొగ నియమములకు లోబడి తయారైన చాల బండ్లలో పెట్రోలును కొలిచి పంపు ఎలక్ట్రానిక్ పెట్టె కలదు. బ్యాటరీని విడదీయక బండిపై వెల్డింగు చేసినచో ఆ విద్యుత్తు దానిని పాడుచేయవచ్చును.

అయితే పాతకాలపు బండికి షాఫ్టు దొరకనప్పుడు ఏమి చేయవలెను? షాఫ్టును పూర్తిగ బయటికి తీసి మంచి లేతుపనివాని కియ్యవలెను. అతడు ఒక ముక్కకు నడుమ రంధ్రము చేసి, రెండవ ముక్క కొనను ఆ రంధ్రమున బిగువుగా దిగునట్లు సన్నగా తఱిగి, రెండును తిన్నగా కూర్చిన పిదప చుట్టును గాడిచేసి వెల్డింగుతో నింపి, సున్నములో గాని బూడిదలో గాని కప్పి మెల్లగ చల్లాఱనిచ్చి, తిరిగి లేతుపై నునుపుచేయును. ఇది మూతిమూతి పెట్టి అతికినదానికంటె ఎంతో మేలైనది. అంతకంటె మేలు, ఈఎన్ 24 వంటి మేలిరకపు ఉక్కుతో షాఫ్టునే క్రొత్తగా చేయించుట.

త్రోవలో విఱిగినచో, పట్టు వదలని బిగింపు పట్టకారును మిగిలిన కొనకు బిగించి చేతితో ఒక గేరు వేసికొని, మెల్లగ ఇల్లు చేరవచ్చును. చేతితో గేరు వేయుట బండి ఆగియున్నప్పుడే గాని నడచుచుండగా చేయరాదు.

స్త్రీలకు తగిన పనియేనా?

పనిముట్టు పట్టినవారి నది స్త్రీయో పురుషుడో యని యడుగదు. 1909లో ఇంగ్లండులో జన్మించిన బియాట్రిస్ షిల్లింగు అను వనిత పదునాలుగేండ్ల ప్రాయముననే మోటారు సైకిలు సంపాదించి విప్పి బిగించుట నేర్చెను. పిదప ఇంజనీరై, 1934లో బ్రూక్‌లాండ్సు పందెపుబాటపై గంటకు 100 మైళ్లకు మించిన వేగముతో నార్టను బండిని నడిపి స్వర్ణనక్షత్ర చిహ్నమును పొందెను. ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషు యుద్ధవిమానముల మెర్లిను ఇంజను, విమానము ముక్కు హఠాత్తుగా క్రిందికి వంచినప్పుడు పెట్రోలు హెచ్చై యాగిపోవుచుండెను. 1941లో ఆమె కూర్చిన చిల్లిబిళ్లవంటి చిన్న పరికరము ఆ యాపదను చాలవఱకు తొలగించెను. మనమందఱమును ఆమెవంటివారము కానక్కఱలేదు. చిన్న యవయవమును చిన్నదని త్రోసివేయక దాని పనిని విచారించు గుణమును మాత్రము ఆమెనుండి గ్రహింపవచ్చును.

చివరకు గుర్తుంచుకొనదగినవి మూడు: లివరు బోల్టు వదులు కాకుండ చూచుట, క్లచ్చు పిడి వదులును సరిచూచుట, షాఫ్టు చుట్టును నూనె చెమ్మ కనబడినచో ఆలసింపక చూపించుట. చాల బండ్లలో ఆ బోల్టునకు పదినంబరు స్పానరు సరిపోవును. దానిని మితముగా, సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగువునకు బిగించిన చాలును; బలమంతయు చూపినచో మరలు తెగును. నెలకొకమాఱు ఆ స్పానరుతో దానిని తాకి చూచుటకు అన్నము వార్చునంత సేపైనను పట్టదు.